రంగు కింద రేకు

గుద్దుకున్న కారు షెడ్డు నుంచి తళతళలాడుతూ ఇంటికొస్తుంది. ఆ మెరుపు కింద ఏం బాగుపడిందో, ఏం బాగుపడలేదో యజమానికి కనబడదు. ప్రాణం మాత్రం ఆ కనబడని చోటి మీదే ఆధారపడి ఉంటుంది. మణికొండ షెడ్ల నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని బీమా నియంత్రణ సంస్థ దాకా సాగే ఆ దారి మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

మన వీధుల్లో ఇన్ని కార్లు తిరుగుతున్నా, ముందు బంపర్ విప్పేసిన కారును దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. మణికొండ సందుల్లో రేకుల కప్పు కింద నడిచే ఏ టింకరింగ్ షెడ్డుకు వెళ్లినా అలాంటి కారు ఒకటి కనిపిస్తుంది. మనం ఇన్నాళ్లూ బంపర్ అనుకున్నది పైకి కనిపించే ప్లాస్టిక్ తొడుగేనని అప్పుడు తెలుస్తుంది. దాని వెనక అడ్డంగా ఒక లోహపు దూలం ఉంటుంది. ఆ దూలాన్ని మోస్తూ రెండు పక్కలా రెండు పొట్టి గొట్టాలు. వాటి వెనక ఇంజిన్‌కు అటూ ఇటూ సాగి, మనం కాళ్లు పెట్టుకునే చోటి దాకా వచ్చే రెండు పొడవాటి ఉక్కు కాళ్లు. షెడ్డు భాషలో ఇవి చాసిస్ లెగ్‌లు.

దెబ్బ తగిలినప్పుడు ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి నలగాలి. అలా నలగడం కోసమే వాటిని తయారుచేశారు. ముందు భాగం, వెనక భాగం నలుగుతూ దెబ్బ బలాన్ని మింగేయాలి, మధ్యలో మనుషులు కూర్చునే గది చెక్కుచెదరకూడదు. మెర్సిడెస్ బెంజ్ ఇంజినీరు బేలా బరేనీ 1950ల తొలినాళ్లలో ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నాడు. ఈరోజు మనం నడిపే చిన్న కారులో కూడా ఉన్నది ఆ సూత్రమే.

కాబట్టి గుద్దుకున్న కారును బాగుచేయడమంటే దాని పాత రూపం తెచ్చి ఇస్తే సరిపోదు. రేపు మళ్లీ దెబ్బ తగిలితే సరైన చోట, సరైన తీరులో నలిగే గుణాన్ని కూడా తిరిగి తేవాలి. ఆ పని రంగు పడేలోపే జరగాలి. జరిగిందో లేదో రంగు పడేలోపే చూడాలి. ఆ తర్వాత చూడటానికి ఏమీ మిగలదు.

ఒకే కారు, రెండు రకాల రోడ్లు

మణికొండ 2018లో పురపాలక సంఘమైంది. అప్పటికే ఇక్కడ ఇళ్లు పెరిగిన వేగాన్ని రోడ్లు అందుకోలేకపోయాయి. ఉదయం ఆఫీసు వేళకు గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు సాగే కార్లు, స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు, డెలివరీ బైకులు ఇవే దారుల్లో దూరాలి. మర్రిచెట్టు కూడలి దగ్గరో, పుప్పాలగూడ వైపు మలుపులోనో తగిలే దెబ్బలు ఎక్కువగా చిన్నవే. ముందున్న కారు హఠాత్తుగా ఆగితే బంపర్ పగలడం, బైకు హ్యాండిల్ గీసుకుపోయి డోరు మీద పొడవాటి గీత పడటం, అపార్టుమెంటు సెల్లార్‌లో స్తంభానికి రాసుకుని వెనక ఫెండర్ సొట్టపోవడం.

అదే కారు కాసేపట్లో నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతుంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద 2023 నుంచి గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. కాలనీలో 30 వేగంతో వెళ్లే కారు ఔటర్ మీద 120కి చేరితే వేగం నాలుగు రెట్లే పెరుగుతుంది గానీ, దెబ్బ తగిలినప్పుడు కారు మింగాల్సిన శక్తి పదహారు రెట్లవుతుంది. ఇక్కడి రోడ్ల మీద వేగం ఎంత నష్టం చేయగలదో 2019 నవంబరు 23న నగరమంతా చూసింది. బయోడైవర్సిటీ కూడలి ఫ్లైఓవర్ మీది నుంచి ఒక కారు కిందపడి, రోడ్డు పక్కన నిలబడ్డ ఒక మహిళ ప్రాణం పోయింది. మొదలై మూడు వారాలైనా కాని ఆ ఫ్లైఓవర్‌ను మూసేసి, వేగానికి కళ్లెం వేసే ఏర్పాట్లు చేశాక 2020 జనవరిలో మళ్లీ తెరిచారు.

సెల్లార్ సొట్టను సుమారుగా సరిచేసినా బండి నడుస్తుంది. కానీ ఆ సుమారు పనితోనే అది ఔటర్ ఎక్కుతుంది. మణికొండ యజమాని మరిచిపోకూడని సంగతి ఇది. పైగా దేశంలోని బీమా కంపెనీలన్నిటికీ నియమాలు పెట్టే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఉన్నదీ పక్కనే నానక్‌రాంగూడలో. 2001లో ఆ సంస్థ ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చింది. కార్లు గుద్దుకునే రోడ్లు, వాటిని బాగుచేసే షెడ్లు, ఆ బిల్లులకు నియమాలు రాసే ఆఫీసు మణికొండ చుట్టుపక్కలే ఉన్నాయి.

తాకిన తర్వాతి గంట

ముందు మనుషులు, తర్వాతే కారు. ఎవరికైనా గాయమైతే మొదట చేయాల్సింది 108కి ఫోన్. 2005లో హైదరాబాద్‌లో పుట్టి దేశమంతా పాకిన సేవ అది. గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు 24 గంటల్లోగా తెలపడం, బీమా కంపెనీకి సమాచారం ఇవ్వడం డ్రైవరు బాధ్యతలని 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతోంది. సాయం చేసిన దారినపోయేవాళ్లను కేసుల్లోకి లాగకుండా 2019 సవరణ 134ఏ సెక్షన్‌తో రక్షణ ఇచ్చింది. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందాలి. ఇది తెలిసిన మనిషి ఒక్కరు ఉన్నా ఆ రోడ్డు మీద ఒక ప్రాణం నిలబడవచ్చు.

ఎవరికీ ఏమీ కాలేదని తేలాక కారు సంగతి. బండి కదిపే ముందే ఫొటోలు తీయాలి. రెండు కార్లూ నంబరు ప్లేట్లతో సహా కనిపించేలా దూరం నుంచి కొన్ని, దెబ్బ తగిలిన చోట దగ్గరగా కొన్ని. కింద నీళ్లో ఆయిలో కారుతుంటే ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. రేడియేటర్ పగిలి కూలెంట్ పోయిన కారును ఇంటిదాకా నడిపితే ఇంజిన్ వేడెక్కి సీజ్ కావచ్చు. అప్పుడు బీమా కంపెనీ ఆ ఇంజిన్ ఖర్చు తాకిడి వల్ల వచ్చింది కాదంటుంది, ఆ మాటను కాదనడం కష్టం. పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే టోయింగ్ బండిని అడగాలి.

ఈలోగా జనం చుట్టూ చేరతారు. "అన్నా, ఎంతో కొంత ఇచ్చి ఇక్కడే సెటిల్ చేసుకో" అనే మాట వినిపిస్తుంది. పైపై గీతలకైతే ఆ మాట వినొచ్చు. బానెట్ లేచినా, హెడ్‌లైట్ లోపలికి పోయినా వినకూడదు. లోపలి దెబ్బ ఎంతో రోడ్డు మీద ఎవరికీ తెలియదు. తప్పు ఎదుటివాళ్లదైతే వాళ్ల థర్డ్ పార్టీ బీమా నుంచి మన కారు నష్టం రాబట్టుకునే హక్కు మనకుంది. అయితే అందుకు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, ఏళ్లు పట్టవచ్చు. అందుకే ఎక్కువమంది తమ సొంత పాలసీలో తమ కారు నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ భాగాన్నే వాడుకుంటారు. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకు ఆ దారి లేదు. బాగుచేత ఖర్చు మొత్తం జేబులోంచే పోతుంది.

ఎస్టిమేట్ వెనక లెక్క

కారు షెడ్డు చేరాక మొదటి కాగితం ఎస్టిమేట్. పైకి కనిపించే దెబ్బను బట్టి రాసేది కాబట్టి అది ఎప్పుడూ సగం కథే. బంపర్ విప్పాక క్రాస్ మెంబర్ వంగి ఉండవచ్చు, రేడియేటర్ సపోర్ట్ చీలి ఉండవచ్చు. అందుకే నష్టం లెక్కకట్టడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ చూసేసరికి భాగాలు విప్పి ఉంచాలని, కొత్తగా బయటపడ్డ నష్టాన్ని సప్లిమెంటరీ ఎస్టిమేట్‌లో చేర్చాలని యజమాని గట్టిగా అడగాలి. సర్వేయర్ చూడకముందే తీసి పారేసిన పార్టుకు డబ్బు రాకపోవచ్చు. పాత పార్టులను చివరిదాకా అట్టే పెట్టమనడం మంచి అలవాటు.

గడువుల విషయంలో 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ స్పష్టంగా ఉంది. క్లెయిమ్ తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి. ఆ సర్వేయర్ 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నివేదిక అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. "సర్వేయర్ ఇంకా రాలేదు సార్" అనే మాట రోజుల తరబడి వినిపిస్తుంటే, ఈ అంకెలు గుర్తుచేస్తూ కంపెనీకి ఒక మెయిల్ రాయండి.

బిల్లులో మన వాటా ఎంతన్నది చాలామందికి డెలివరీ రోజున గానీ తెలియదు. సాధారణ పాలసీలో పార్టుల అరుగుదల కింద కోత ఉంటుంది. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ పార్టులు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం. ఫైబర్ గ్లాస్ మీద 30 శాతం. అద్దాల మీద కోత లేదు. లోహపు పార్టులకు కారు వయసును బట్టి పెరుగుతుంది: ఆరు నెలల లోపు ఏమీ లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, అయిదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, ఆపైన 50. రంగు పనిలో సామగ్రి ఖరీదు మీదే 50 శాతం కోత. బిల్లు మొత్తంగా ఉంటే అందులో పాతిక శాతాన్ని సామగ్రిగా లెక్కిస్తారు. వీటిపైన తప్పనిసరి మినహాయింపు ఒకటుంది. 1500 సీసీ వరకు కార్లకు 1,000 రూపాయలు, ఆపైన 2,000. షెడ్లలో దీన్ని ఫైల్ చార్జీ అంటారు.

లెక్క కోసం మూడున్నరేళ్ల చిన్న కారు ఒకటి తీసుకుందాం, పన్నులు పక్కన పెడదాం. బంపర్ 10,000, బానెట్, ఫెండర్ కలిపి 16,000, రంగు పని 12,000, కూలి 6,000. మొత్తం 44,000. బంపర్ మీద 5,000, బానెట్, ఫెండర్ మీద 4,000, రంగులో సామగ్రి వాటా 3,000కు సగం 1,500, ఫైల్ చార్జీ 1,000. యజమాని కట్టాల్సింది 11,500. బీమా కంపెనీ ఇచ్చేది 32,500. అదే జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉంటే అరుగుదల కోత ఉండదు, ఫైల్ చార్జీ ఒక్కటే కట్టాలి. జనం దీన్ని బంపర్ టు బంపర్ అంటారు. అయినా నట్లు, బోల్టులు, కూలెంట్, ఆయిల్ లాంటివి కన్‌స్యూమబుల్స్ అనే మరో అదనపు రక్షణ లేకపోతే మన మీదే పడతాయి.

క్లెయిమ్ చేయకపోవడమే లాభమయ్యే సందర్భాలూ ఉన్నాయి. క్లెయిమ్ లేని ఏడాదికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 25, 35, 45 మీదుగా అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా అవుతుంది. సెల్లార్‌లో పడిన మూడు వేల సొట్ట కోసం అయిదేళ్ల బోనస్ వదులుకోవడం నష్టమే.

మరో కొసన టోటల్ లాస్ ఉంది. బాగుచేసే ఖర్చు పాలసీలోని బీమా విలువ, అంటే ఐడీవీలో 75 శాతం దాటితే కారును బాగుచేయరు, ఐడీవీ చెల్లిస్తారు. నాలుగేళ్లు దాటి అయిదో ఏట ఉన్న కారుకు ఐడీవీ లెక్కలో 50 శాతం తగ్గిపోతుంది. కారు ధర 10 లక్షలైతే ఐడీవీ 5 లక్షలు, ఎస్టిమేట్ 3.75 లక్షలు దాటిందంటే ఆ కారు బీమా దృష్టిలో పోయినట్టే. అలా పోయిన కార్లలో కొన్ని తుక్కుగా అమ్ముడై, ఎక్కడో అతుకులు పడి, మెరిసే రంగుతో సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు తిరిగొస్తాయి. పాత కారు కొనేవాళ్లు కూడా రంగు కింది రేకును చూడాల్సిందే.

సుత్తి, డాలీ, కొలత

ఇక అసలు పని. కారు బయటి రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు, ఇంచుమించు 0.7. సొట్ట పడ్డ చోట లోపలి నుంచి డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి, బయటి నుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ రేకును పాత ఒంపుకు తెస్తారు. చేయి పట్టని చోట రేకుకు చిన్న మేకులో వాషర్లో వెల్డ్ చేసి బయటికి లాగుతారు. మంచి టింకర్ మేస్త్రి కంటితో కన్నా అరచేత్తో ఎక్కువ చూస్తాడు. రేకు మీద చేయి జారిస్తే ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అతనికి తెలుస్తుంది. ఈ చేతిపని మన ప్రాంతానికి కొత్త కాదు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ బస్సు బాడీలు కట్టింది. విజయవాడ ఆటోనగర్ లారీ బాడీలకు పేరు మోసింది. ఈనాటికీ షెడ్లలో చాలామంది పని నేర్చుకునేది ఒక ఉస్తాద్ దగ్గర ఏళ్ల తరబడి నిలబడి, చూసి, చేసి.

రేకు సాపు అయ్యాక మిగిలిన సన్నని ఎగుడుదిగుళ్లను లప్పం నింపుతుంది. దాన్ని వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి, మళ్లీ రుద్ది, బేస్ కోట్, పైన క్లియర్ కోట్ వేస్తారు. ఇక్కడే మంచి పనికీ మోసపు పనికీ దారులు వేరవుతాయి. లప్పం ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటే అది సవరణ. సుత్తి పని తప్పించుకోవడానికి దాన్ని మందంగా మెత్తితే పగుళ్లిచ్చిన గోడకు సున్నం కొట్టినట్టే. కొన్నాళ్లకు అదురుకు, ఎండకు పగులుతుంది, నీరు దిగుతుంది, కింద తుప్పు మొదలవుతుంది. ఫ్యాక్టరీ రంగు పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. పెయింట్ మీటర్ అనే చిన్న పరికరం రేకుకు ఆనిస్తే ఆ మందం చెబుతుంది. అంకె వెయ్యి దాటిందంటే కింద లప్పం మెత్తారనే అర్థం.

ఫ్యాక్టరీలో బాడీ మొత్తాన్ని తుప్పు పట్టని ద్రావణంలో ముంచి, ఎక్కువ వేడిలో కాలుస్తారు. అప్పటికి అందులో వైర్లు, ప్లాస్టిక్, సీట్లు ఏవీ ఉండవు. షెడ్డుకొచ్చిన కారులో అవన్నీ ఉంటాయి కాబట్టి పెయింట్ బూత్‌లో వేడి 60 డిగ్రీల దగ్గర ఆపాల్సిందే. ఫ్యాక్టరీ రక్షణను షెడ్డులో పూర్తిగా తిరిగి తేలేం గనక కోసి వెల్డ్ చేసిన ప్రతి అతుకు దగ్గరా తుప్పు నిరోధక ప్రైమర్, సీలెంట్ తప్పకుండా పడాలి. ఈ పని లోపలి వైపున జరుగుతుంది. అడగకపోతే దాని ఊసే రాదు.

దెబ్బ చాసిస్ లెగ్‌ల దాకా వెళ్తే సుత్తి ఒక్కటే సరిపోదు. కారును బెంచ్ మీద బిగించి, కంపెనీ ఇచ్చిన కొలతలతో ఒక్కో బిందువును పోల్చి, వంకరను గొలుసులతో లాగి సరిచేయాలి. అనుమతించే తేడా చాలా చోట్ల మూడు మిల్లీమీటర్లే. అంతకు మించి తేడా మిగిలితే డోరు సందులు సమానంగా రావు, టైర్లు ఒక వైపే అరుగుతాయి, స్టీరింగ్ పక్కకు లాగుతుంది. ఇప్పటి కార్ల పిల్లర్లలో, లోపలి దూలాల్లో వాడే అధిక బలపు ఉక్కు విషయం ఇంకా సున్నితం. దాన్ని గ్యాస్ మంటతో వేడిచేసి వంచితే బలం పోతుంది, చూడటానికి మాత్రం అలాగే ఉంటుంది. అలాంటి భాగాన్ని సరిచేయకూడదు, కంపెనీ సూచించిన చోట కోసి, సూచించిన వెల్డింగ్‌తో కొత్తది వేయాలి.

ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే బ్యాగు ఒక్కటీ మారిస్తే సరిపోదు. దాని కంట్రోల్ యూనిట్‌ను, సెన్సర్లను, సీటు బెల్టును బిగించే ప్రిటెన్షనర్లను కంపెనీ పద్ధతి ప్రకారం పరీక్షించి మార్చాలి. 2024లో ఢిల్లీ పోలీసులు నకిలీ ఎయిర్‌బ్యాగులు తయారుచేస్తున్న ముఠాను పట్టుకుని వందల కొద్దీ స్వాధీనం చేసుకున్నారు. డాష్‌బోర్డు కింద ఉన్నది అసలుదో నకిలీదో మనకు కనిపించదు, బిల్లు మీది పార్టు నంబరే ఆధారం. ముందున్న కారును గమనించి తానే బ్రేకు వేసే కొత్త కార్లలో బంపర్ వెనక రాడార్, అద్దం వెనక కెమెరా ఉంటాయి. బంపర్ విప్పినా, అద్దం మార్చినా వాటిని మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. విద్యుత్ కార్లలో అడుగున ఉండే బ్యాటరీ పెట్టెకు దెబ్బ తగిలిందేమో చూడటం శిక్షణ పొందిన వాళ్ల పని. దాన్ని మామూలు షెడ్డులో విప్పనివ్వకూడదు.

షోరూమా, షెడ్డా

మణికొండ యజమాని ముందున్న ప్రశ్న ఇదే. కంపెనీ వర్క్‌షాప్‌లో బెంచ్, బూత్, కొలతల పట్టిక, అసలు పార్టులు ఉంటాయి. క్యాష్‌లెస్ సదుపాయం సులువు. ధర ఎక్కువ, వరుసలో వేచి ఉండాలి. వీధి షెడ్డులో మేస్త్రితో నేరుగా మాట్లాడవచ్చు, రేకును మార్చకుండా బతికించే ఓపిక అక్కడ ఎక్కువ. ఖర్చు తక్కువ. అన్నిటికీ ఒకే జవాబు లేదు. డోరు సొట్టకు, ఫెండర్ గీతకు మంచి పేరున్న షెడ్డు చాలు. చాసిస్ లెగ్, పిల్లర్, ఎయిర్‌బ్యాగు దాకా వెళ్లిన దెబ్బకు కొలత బెంచ్ ఉన్న చోటికే వెళ్లాలి. బోర్డు మీది పేరు కన్నా లోపలి పనిముట్లు ముఖ్యం.

స్వతంత్ర షెడ్డు వెనకబడటానికి చేతకానితనం ఒక్కటే కారణం కాదు. అసలు పార్టులు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి వాళ్లకు అందనివ్వడం లేదన్న ఫిర్యాదు మీద కాంపిటిషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. పార్టులు, పరికరాలు స్వతంత్ర గ్యారేజీలకు దొరికేలా చూడాలని, బయట బాగుచేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టకూడదని ఆదేశించింది. కంపెనీలు పై కోర్టుల మెట్లెక్కి పోరాడాయి. అయినా ఆ ఆదేశంలోని న్యాయం మాత్రం నిలబడేదే: కొలతల పట్టిక అందుబాటులో లేని మేస్త్రిని కొలత తప్పాడని నిందించడం సరికాదు.

ముక్కుకు గుడ్డ చాలదు

క్లియర్ కోట్‌లో కలిపే హార్డ్‌నర్లలో ఐసోసైనేట్లు ఉంటాయి. కారు పెయింటర్లకు వృత్తిరీత్యా వచ్చే ఉబ్బసానికి ప్రపంచమంతటా పెద్ద కారణాల్లో ఇదొకటి. ఒకసారి శరీరానికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొద్దిపాటి పొగకే ఊపిరి ఆడదు. ఆ మనిషి ఆ పని వదులుకోవాల్సి వస్తుంది. ముక్కుకు కట్టుకునే చేతిరుమాలు దీన్ని ఆపలేదు. సరైన ఫిల్టర్ మాస్కు గానీ, బయటి గాలి అందించే మాస్కు గానీ కావాలి. గాలిని లాగేసే బూత్ కావాలి. రోడ్డు పక్కన టార్పాలిన్ కింద స్ప్రే కొట్టే కుర్రాడి ఊపిరితిత్తులతో చవక బేరం కుదుర్చుకోవడం మనకు తగదు. ఐటీఐల్లో ఆటో బాడీ రిపేర్, ఆటో బాడీ పెయింటింగ్ ట్రేడులున్నాయి. వాటిలో చదివిన పిల్లలు ఇన్ని కార్లున్న ఈ ప్రాంతంలో గౌరవంగా బతకాలంటే, మేస్త్రి చేతికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇచ్చే విలువ పెరగాలి. "ఎప్పుడిస్తావ్ భాయ్, ఎంతలో అవుతుంది?" అని అడిగే నోటితోనే "లోపల ఎలా చేశావు, చూపించు" అని అడిగితే ఆ విలువ మొదలవుతుంది.

తాళాలు తీసుకునే ముందు

• పగటి వెలుతురులో చూడండి. కొత్త రంగు, పక్క ప్యానెల్ రంగు ఎండలో ఒకేలా ఉన్నాయా? తెలుపు పెర్ల్, మెటాలిక్ రంగుల్లో తేడా షెడ్డు దీపాల కింద తెలియదు.

• బానెట్, డోర్లు, డిక్కీ సందులు రెండు పక్కలా సమానంగా ఉన్నాయా? తలుపు ఒత్తిడి లేకుండా పడుతోందా?

• డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు దీపం స్టార్ట్ చేసినప్పుడు వెలిగి ఆరిందా? అసలు వెలగకపోయినా అనుమానించాలి.

• తిన్నగా ఉన్న రోడ్డు మీద స్టీరింగ్ పక్కకు లాగుతోందా? వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు అడగండి.

• మార్చిన ప్రతి పార్టు నంబరు బిల్లులో ఉందా? పని మీద వారంటీ రాసిచ్చారా?

• నీళ్లు కొట్టించి హెడ్‌లైట్లలో, డిక్కీలో తడి చేరుతోందేమో చూడండి.

అడిగితే వినే తలుపులు

సర్వేయర్ నష్టాన్ని తక్కువ కట్టాడనిపిస్తే, అతని నివేదికే తుది మాట కాదు. ముఖ్యమైన ఆధారమే గానీ దాన్ని దాటలేనంత పవిత్రమేమీ కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. అక్కడ నెలరోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోనే ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్, 155255 నంబరు ఉన్నాయి. పనిలో నాసిరకం గురించి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు.

ఈ తలుపులన్నీ ఒకే చోట బిగుసుకుపోతాయి. రంగు పడ్డాక లోపల ఏం చేశారో నిరూపించడం దాదాపు అసాధ్యం. సర్వేయర్ తీసిన దెబ్బ ఫొటోలు ఫైల్‌లో ఉంటాయి. పని ముగిశాక తీసిన మెరుపు ఫొటోలూ ఉంటాయి. మధ్యలో రేకు సాపై, వెల్డింగ్ పూర్తయి, ప్రైమర్ ఇంకా పడని దశ యజమాని చేతికి అందేది అరుదు. దీన్ని మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి పెద్ద క్లెయిమ్‌లో రంగుకు ముందు తీసిన ఫొటోలు, చాసిస్ దెబ్బ అయితే లాగకముందూ లాగాకా తీసిన కొలతల పట్టిక ఫైల్‌లో ఉండాలని, వాటి నకలు యజమానికి ఇవ్వాలని నానక్‌రాంగూడ నుంచి ఒక్క సర్క్యులర్ వస్తే చాలు. ప్రతి మేస్త్రి జేబులో కెమెరా ఉన్న ఫోను ఇప్పటికే ఉంది. మంచి పని చేసే షెడ్డుకు అది పైసా ఖర్చు లేని ప్రచారం, చెడ్డ పని చేసే షెడ్డుకు దాచుకునే చోటు లేకుండా చేసే నియమం.

ఆ సర్క్యులర్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కారు షెడ్డులో వదిలే రోజునే ఎస్టిమేట్ మీద ఒక వాక్యం రాయించుకోండి: "రంగు వేసేముందు యజమానిని పిలిచి చూపాలి." ఆ రోజు అరగంట ఆఫీసుకు ఆలస్యమైనా వెళ్లి చూడండి, మేస్త్రిని అడగండి, ఫొటో తీసుకోండి. ఆ కారులో కూర్చునేది మన పిల్లలు.